పీత కంట్లో ఆవు

దుర్గ కనిపెట్టిన కొత్త పెప్టైడ్ పీతది కాదు, ఆవుది.

ఆ సంగతి శుక్రవారం మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్లిన వేళ, కంప్యూటర్ తెర మీద తెలిసింది. కిటికీ అవతల ఎవరో స్టార్ట్ కాని స్కూటర్‌ని పట్టుదలగా తన్నుతున్నారు. తెర మీద పచ్చగీత ఒకటి చివరిదాకా పాకి, ఆగి, కింద ఒకే ఒక్క వరుస చూపించింది. ఆవు. పాలలో ఉండే కేసీన్. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఎక్కడా తేడా లేదు. దుర్గ మళ్లీ వెతికించింది. కంప్యూటర్ విసుక్కోకుండా అదే ఆవుని మళ్లీ తెచ్చి నిలబెట్టింది.

"ఇంకా తినలేదా నువ్వు?" అంటూ విశాలి టిఫిన్ డబ్బా ఊపుకుంటూ వచ్చింది. "ఆదివారం మీ ఊళ్లో సన్మానమటగా! శాలువా ఏ రంగో చెప్పు, మ్యాచింగ్ గాజులు నేనిస్తాను."

దుర్గ చటుక్కున తెర మూసేసింది. వెనకాల ఉన్న సముద్రం బొమ్మ వచ్చింది.

"రంగు తెలీదు," అంది.

పీతకి కళ్లు రెండు కాడల మీద ఉంటాయి. ఆ కాడ లోపల ఆవగింజంత నరాల ముద్ద ఉంటుంది. పీత ఎప్పుడు పెంకు విడవాలి, ఎప్పుడు గుడ్లు కట్టాలి, ఎప్పుడు ఆకలి వేయాలి అన్న ఆజ్ఞలన్నీ అక్కడి నుంచే బయలుదేరతాయి. ఆ ఆజ్ఞలే న్యూరోపెప్టైడ్లు. పూసలు గుచ్చిన చిన్నచిన్న దండల్లాంటి ప్రోటీన్ ముక్కలు. దుర్గ పని, తమ తీరంలో దొరికే మూడు చుక్కల పీత కంటికాడల్లో ఏయే దండలున్నాయో తెలుసుకోవడం. కాడలు కోసి, మంచులో పెట్టి, ఆమ్లం కలిపిన మెథనాల్‌లో నూరి, వడకట్టి, ఆరబెట్టి విశాఖ పంపిస్తే, అక్కడ ఒక పరిశోధనాలయంలో ఉన్న మాస్ స్పెక్ట్రోమీటర్ ఒక్కో దండనీ తూకం వేస్తుంది. తర్వాత దండని తుంచి ముక్కల్ని తూకం వేస్తుంది. ఆ తూకాల తేడాలు చూసుకుంటూ ఏ పూస తర్వాత ఏ పూస ఉందో లెక్క కట్టుకోవాలి.

పంపిన ప్రతిసారీ ఒక బరువు కొండలా లేచి కనబడింది. అది దేనితోనూ సరిపోలేదు. దుర్గ వారాల తరబడి కూర్చుని, చేత్తో లెక్కలు వేసి దాని పూసల వరుస చదివింది. పీతల జాబితాలో వెతికింది, లేదు. రొయ్యల జాబితాలో వెతికింది, లేదు. వీధిలో కనబడ్డ మనిషి పేరు ఊరి ఓటర్ల జాబితాలో లేకపోతే పొరుగూరివాడేమో అనుకుంటారు ఎవరైనా. దుర్గ మాత్రం, ఇప్పుడే భూమ్మీద పుట్టాడు అనుకుంది.

ప్రతిసారీ అదే రావడంతో గైడ్ జగదీశ్వరి మేడం కూడా నమ్మారు. సెమినార్‌లో చెప్పించారు. జిల్లా పేజీలో 'మత్స్యకార యువతి ఘనత' అని చిన్న వార్త పడింది. "పేపర్ పంపేముందు అన్ని జీవుల జాబితాలోనూ ఒకసారి వెతికించు, లాంఛనం," అని మేడం ఎప్పుడో అన్నారు. దుర్గ ఆ లాంఛనాన్ని చిట్టచివరికి ఉంచుకుంది.

సాయంత్రం మేడం గదిలోకి వెళ్లి నిలబడి చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆవా?" అన్నారు మేడం. ఆవిడ సంగీతం నేర్పే ఇంట్లో పుట్టినావిడ. ఏదైనా ఆలోచిస్తుంటే వేళ్లు బల్ల మీద తాళం వేస్తాయి. ఇప్పుడు వేళ్లు ఆగిపోయాయి. "పీత కంట్లో ఆవేమిటమ్మా?"

నవ్వబోయి ఆవిడే ఆపుకున్నారు. కొంచెంసేపటికి, "నేను ముందే గట్టిగా అడగాల్సింది. సరే. పాలు గానీ పెరుగు గానీ ఈ ల్యాబ్‌లోకి ఎవరూ తేరు. కాడలు కోసేముందు పీతల్ని చల్లటి ఉప్పునీళ్లతో కడిగావు కదా?" అన్నారు.

"కడిగాను మేడం."

ఆ మాట దుర్గ అనుకుని అన్నది కాదు. తలుపు తడితే ఎవరని అడిగినంత తేలిగ్గా వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవడానికి చోటు కనబడలేదు.

"అయితే ఇక్కడికి వచ్చేలోపే ఎక్కడో పట్టిందన్నమాట. కడిగినా పోనంతగా." బల్ల మీద మళ్లీ తాళం మొదలైంది. "పీతలు తెచ్చేది మీ నాన్నగారే కదా. వెళ్లి అడుగు. సోమవారం విశాఖ వాళ్లకి నేను జవాబు చెప్పాలి, వాళ్ల మెషీన్ మీదికి అనుమానం పోకూడదు. తప్పు ఎక్కడ జరిగింది, ఎవరి చేతిలో జరిగింది, కనుక్కుని రా. మీ ఇంటి దగ్గరే అయితే, నొచ్చుకోకు, ఇకమీదట పీతలు వేరేచోట కొందాం."

దుర్గ తల ఊపి బయటికి వచ్చింది.

కడగలేదు. చేరిన కొత్తలో, పని నేర్చుకోవడానికి కోసిన పీతల్ని మాత్రం కడిగింది. వరండా చివరి సింకు దగ్గర, చుడీదార్ చేతులు పైకి మడుచుకుని, ఇంటి దగ్గర అమ్మ కడిగినట్టే ఒక్కో పీతనీ తిప్పితిప్పి కడిగింది. అటు వెళ్తున్న కుర్రాళ్లలో ఒకడు, "మార్కెట్ మన డిపార్ట్‌మెంట్‌కే వచ్చేసిందిరా!" అన్నాడు. మిగిలినవాళ్లు నవ్వారు. దాన్ని దుర్గ ఓర్చుకునేదేమో. మర్నాడు విశాలి మంచి వాసనొచ్చే సబ్బొకటి తెచ్చి ఆమె సంచిలో పెట్టింది. విశాలిది శ్రీకూర్మం గుడిలో పాడే వంశం. చేప ముట్టి ఎరగదు, ఎవరినీ ఒక మాట అని ఎరగదు. "ఏమనుకోకేం, చేతులకి బాగుంటుందని," అంది. ఆ మంచితనం దుర్గని ఎక్కడో కోసింది.

ఆ తర్వాత ఆమె పీతల్ని సింకు దగ్గరికి తీసుకెళ్లలేదు. మూలగదిలో తలుపు దగ్గరగా వేసుకుని, ట్రేలో కాగితం పరిచి, పెట్టెలోంచి తీసినవి తీసినట్టే కోసేది. మిగిలినదంతా నల్లటి సంచిలో మూటకట్టి గోతిలో వేయించేది. చేతులు మాత్రం మోచేతుల దాకా, ఆ సబ్బుతో, మళ్లీ మళ్లీ కడుక్కునేది. సెమినార్‌లో ఎవరో అడిగినప్పుడు కూడా, "శుభ్రంగా కడిగి కోశాం," అనే చెప్పింది.

శనివారం శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం దాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి ఆటో ఎక్కింది. తమ పాలెం మొదట్లో కరెంటు స్తంభానికి నిచ్చెన వేసుకుని ఆమె మేనమామ హరిబాబు ఫ్లెక్సీ కడుతున్నాడు. దుర్గ హాల్‌టికెట్ మీది ఫొటోని మనిషంత చేశారు. పక్కన పీత ఉంది. మిరపపండు రంగులో, ఏ దేశానిదో.

"ఒసే దుర్గా! ఎలగున్నాదే?" పైనుంచి అరిచాడు.

"మావా, ఆ పీత మనది కాదు."

"పీత పీతే గదే. మన పీత పొటోలో అంత ఎర్రగా వస్తాదేటి? బురదలాగ వస్తాది."

"దింపెయ్యి మావా. నీకు దండం పెడతాను."

"సిగ్గేటి? పెళ్లికూతురువేటే నువ్వు, సిగ్గుపడిపోతన్నావు?" అని తాడు పళ్లతో పట్టుకుని ముడి బిగించాడు. "రేపు పడవలొచ్చినాక వలల షెడ్డు కాడ మీటింగు. మైకు సెప్పినాను. నువ్వు ఇంగిలీసులో ఒక ముక్క మాటాడాల. అర్తం కాకపోయినా పర్నేదు."

దుర్గ ముందుకి నడిచింది. ఇంటి ముందు ఆమె తల్లి అమ్మడు చిరిగిన వలని ఒళ్లో వేసుకుని కుడుతోంది. తండ్రి నూకయ్య రేవు దగ్గరికి వెళ్లాడు. కాళ్లు కడుక్కుని, నీళ్లు తాగి, తల్లి పక్కన కూర్చున్నాక దుర్గ అడిగింది.

"అమ్మా, మీరు పంపే పీతల పెట్టెలో ఎప్పుడైనా ఏదైనా పడిందా? పాలు గానీ, పెరుగు గానీ?"

అమ్మడు చేతిలో దారం ఆగింది.

"పడనేదు," అంది. మళ్లీ కుట్టబోయి, సూది వలకి గుచ్చి పక్కన పెట్టింది. "పోసినాను."

"ఏటి పోసినావు?"

"పాలే. జగ్గమ్మ కాడ గిద్దెడు ఆవుపాలు తెచ్చి పోసినాను. గేదెపాలు కాదులే, ఆవుపాలే."

ఆ పాలెంలో కొత్త పడవ నీళ్లలోకి దిగినా, వేట నిషేధం అయ్యాక మొదటి వల పడినా గంగమ్మకి పాలు పోస్తారు. అది దుర్గకీ తెలుసు. కానీ పీతల మీద పాలు పోయడం ఎక్కడా లేదు.

"పీతల మీదెందుకమ్మా?"

అమ్మడు కూతురి మొహంలోకి చూడలేదు. ఇసకలో వేలితో ఏదో గీస్తూ చెప్పింది.

"మనం తినడానికి సంపుతాం. సంపినందుకు తింటాం. దానికి గంగమ్మ ఏటీ అనదు. నువ్వు కళ్లు కోసుకుని మిగిలింది పారేయిత్తావని మీ అయ్య సెప్పినాడు. మందు తగిల్తాదని కుక్కకి కూడా వెయ్యరంట గదా. ఎవులూ తినకండా జీవాన్ని సంపితే అదెవులికి తగులుతాది? నీకే గదా. పెళ్లి కావలసిన గుంటవి. అందుకని మీ అయ్య పెట్టె ఎత్తకముందు, తప్పు కాయి తల్లీ అని పాలు పోసేదాన్ని. పెట్టె ఎల్లినప్పుడల్లా పోసినాను."

"నాతో ఎందుకు సెప్పలేదు?"

"సదువుకున్నదానివి. నవ్వుతావని."

దుర్గ నవ్వలేదు. లేచి నిలబడింది. శ్రీకాకుళంలో ఇన్నేళ్లుగా తోమి తోమి వదిలించుకున్న యాస ఒక్కసారిగా నోట్లోకి వచ్చేసింది.

"నా సదువు పాడు సేసినావు గదే! ఆ పాలే నేను కొత్తదని సెప్పినాను! పేపర్లో ఏసినారు, ఊరంతా ఫ్లెక్సీలు కట్టేసినారు, నీ పాలకి! నిన్నెవులు పొయ్యమన్నారు? నా మొకం మీద పోసినట్టే పోసినావు!"

దడికి అవతలి నుంచి జగ్గమ్మ తల పైకి వచ్చింది. "ఏటయ్యిందే అమ్మడూ?"

"ఏటీ నేదప్పా," అంది అమ్మడు.

"ఏటీ నేదేటి?" దుర్గ ఇంకా గట్టిగా అరిచింది. "అంతా పాడు సేసి ఏటీ నేదంటాది!"

అమ్మడు లేచింది. వల మడిచి చంకలో పెట్టుకుని లోపలికి పోయింది. జగ్గమ్మ కాసేపు చూసి తల దించేసుకుంది. దుర్గ ఒక్కతే నిలబడింది. ఆ కోపం అడుగున ఇంకోటి కూడా ఉంది. సోమవారం చెప్పడానికి ఒక జవాబు దొరికిందన్న ఊరట. ఎవరి చేతిలో జరిగిందో తెలిసింది మేడం. మా అమ్మ చేతిలో. అది అబద్ధమూ కాదు. ఆ ఊరటని దుర్గ గుర్తుపట్టింది. అయినా దాన్ని వదిలిపెట్టలేదు.

పొద్దు గుంకేవేళకి నూకయ్య వచ్చాడు. విషయం విన్నాడు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ గుమ్మంలోనే కూర్చున్నాడు.

"అయితే ఆవుదన్నమాట."

"ఊఁ."

"పీతలు ఇంక మన కాడ కొనరేటి?"

"వేరేచోట కొంటామన్నారు."

"పెట్టె పట్టుకుని గేటు కాడికొస్తే వాచ్‌మేను, సైంటిస్టు పీతలొచ్చినాయి, తోవ ఇవ్వండర్రా అంటాడు." నూకయ్య కొంచెం నవ్వాడు. "అలగనేవోడు." తర్వాత, "రేపు మరి ఏటి సెప్తావు ఈలకి?" అన్నాడు.

"శాలువా వద్దంటాను. ఒంట్లో బాగులేదంటాను. ఏదో ఒకటి చెప్తాను."

నూకయ్య ఆమె వైపు చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్లాడు. ఒక మాట అంటే బాగుండుననిపించింది దుర్గకి.

మర్నాడు పొద్దున్న పడవలొచ్చి, చేపలు తక్కెడ ఎక్కి దిగి, ఆడవాళ్లు గంపలు పక్కన పెట్టుకునేసరికి వలల షెడ్డు నిండిపోయింది. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మధ్య కుర్చీలో దుర్గని కూర్చోబెట్టారు. ఒంట్లో బాగులేదన్న మాట హరిబాబు వినిపించుకోలేదు. "కూకుంటే తగ్గిపోద్ది," అన్నాడు. స్టీలు పళ్లెంలో ఆకుపచ్చ శాలువా, పూలదండ ఉన్నాయి. హరిబాబు మైకులో, "అలో, అలో, మైక్ టెస్టింగ్, మన దుర్గ, మన పీత," అంటున్నాడు.

అప్పుడు అమ్మడు ఆడవాళ్ల మధ్యలోంచి లేచి ముందుకి వచ్చింది. మగవాళ్లున్న చోట నోరు విప్పని మనిషి. తమ్ముడు మైకు ఇవ్వబోతే చేత్తో తోసేసింది.

"శాలువా కప్పకండి," అంది. గొంతు చిన్నదే గానీ అందరికీ వినబడింది. "గుంట కనిపెట్టింది తప్పైపోయింది. పీతలో ఉన్నాదన్నది పీతది కాదంట, పాలదంట. ఆ పాలు నాను పోసినాను. దానికి తెల్దు. దాని తప్పు ఏటీ నేదు. ఇయ్యాల శాలువా కప్పితే రేపు నలుగురూ దాన్నే నవ్వుతారు. తిట్టాలంటే నన్ను తిట్టండి."



"పాలేటే? పీతకి పాలేటి?" ఎవరో అన్నారు. అమ్మడు చెప్పింది. ఆ పాపం, ఆ గిద్దెడు పాలు, ఆ మొక్కు, అన్నీ చెప్పింది. చెప్తుంటే కొంగు తల మీంచి జారింది, సర్దుకోలేదు.

"అప్పా, నిన్ననే సెప్తే ఫ్లెక్సీ కట్టకపోదును గదే!" హరిబాబు మొత్తుకున్నాడు.

"ఆగండర్రా," జగ్గమ్మ చెయ్యెత్తింది. "అయితే పేపర్లో పడ్డది మా ఆవేటి?"

షెడ్డంతా గొల్లుమంది. నవ్వు తగ్గాక తిట్లు మొదలయ్యాయి. సదువుల కాడ నీ మొక్కులేటి అమ్మడూ అని ఒకామె, పోసినదానివి గుంటకి సెప్పాలి గదా అని ఇంకొకామె. ముసలి బంధువొకడు, ఆడోళ్లని పెట్టె కాడికి రానివ్వకూడదని నూకయ్యకి ఎప్పుడో చెప్పానన్నాడు. అమ్మడు అన్నిటికీ తల ఊపింది. అవును, తప్పే అన్నట్టు.

దుర్గ కుర్చీలో కూర్చునే ఉంది. తాను సోమవారం మేడంతో చెప్పబోయే మాటలే అమ్మ చెప్తోంది. ఇంకా బాగా చెప్తోంది. ఇక ఎవరూ ఏమీ అడగరు. పాలు పోసిన మాట నిజం. తిట్లు తింటున్న మనిషి ఒప్పుకుంటోంది. లేచి ఇంటికి పోతే చాలు. ప్లాస్టిక్ కుర్చీ చేతిని పట్టుకుని లేవబోయింది. తల్లి పాదాలు కనబడ్డాయి. ఇసకలో వేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి, బడిలో నిలబెట్టిన పిల్ల వేళ్లలాగా.

"నేను కడగలేదు," అంది దుర్గ.

ఎవరికీ వినబడలేదు. దగ్గరున్న జగ్గమ్మ ఇటు తిరిగింది. "ఏటంటన్నావే?"

"పీతల్ని కోసే ముందు కడగాల. కడిగితే పాలు పోయేవి. అమ్మ ఎన్ని పోసినా పోయేవి. నేను కడగలేదు. కడిగినానని అబద్దం సెప్పినాను."

"కడక్కండా కోసినావా?"

"ఊఁ."

"ఎందుకే?"

ఆ ప్రశ్నకి ఏ జవాబైనా చెప్పొచ్చు. టైము లేదనొచ్చు, మర్చిపోయాననొచ్చు. గంపలు పక్కన పెట్టుకుని ఇంతమంది తన మొహంలోకి చూస్తున్నారు. వాళ్ల చేతుల మీద పొద్దుటి చేపల పొలుసులు ఇంకా మెరుస్తున్నాయి.

"వాసనొస్తాదని," అంది దుర్గ. "కడుగుతా ఉంటే అందరూ సూత్తారని."

క్షణం పాటు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఇందాకటి కన్నా పెద్దదిగా లేచింది.

"ఓలమ్మో! పాలెపోళ్ల గుంట పీత కడగడానికి సిగ్గుపడిందంటర్రా!"

"పెద్ద సదువు సదివినాక పీతలు వాటంతటవే తానం సేసొస్తాయనుకున్నాది గావాల!"

"ఒలే దుర్గా, నా కాడికి రాయే, నేర్పుతాను. గంపకి ఏటిత్తావు?"

ఒకరి భుజం మీద ఒకరు వాలి నవ్వారు. హరిబాబు కూడా నవ్వాడు. నూకయ్య నవ్వలేదు. షెడ్డు గుంజకి ఆనుకుని సముద్రం వైపు తిరిగాడు. జగ్గమ్మ అందరికన్నా ఎక్కువ నవ్వింది. నవ్వుతూనే, తనకి తెలియకుండానే, రెండు చేతులూ చీర కుచ్చిళ్లకి తుడుచుకుంది. దుర్గ అది చూసింది. ఆవుని చూసినప్పుడు కలిగిన సిగ్గు దీని ముందు సిగ్గే కాదు. భూమి ఇసకే గదా ఇక్కడ, ఇంకొంచెం మెత్తగా ఉండి తనని లోపలికి లాక్కుంటే బాగుండేది.

శాలువా పళ్లెంలోనే ఉండిపోయింది. జనం గంపలెత్తుకుని ఎండ ముదరకముందే సంతలకి బయల్దేరారు. హరిబాబు ఫ్లెక్సీ విప్పుకొచ్చి, మడతపెట్టబోయి, మందం చూసి, "మంచి సరుకు. వానకి వలల మీద కప్పుకుంటే రెండేళ్లొస్తాది," అన్నాడు. అని, మేనకోడలి మొహం చూసి, "బొమ్మ లోపలికి తిప్పి కప్పుతాలేయే," అన్నాడు.

దుర్గ ఒడ్డుకి లాగిన పడవ వెనక్కి వెళ్లి మేడంకి ఫోన్ చేసింది. సోమవారం దాకా ఆగితే ఈ ధైర్యం ఆరిపోతుందని ఆమెకి తెలుసు.

"పాలు మా అమ్మ పోసింది మేడం. మొక్కుకి. కానీ తప్పు నాది. నేను పీతల్ని కడగలేదు. విశాఖ పంపినవాటిలో ఒక్కసారి కూడా. శుక్రవారం మీకు అబద్ధం చెప్పాను. సెమినార్‌లోనూ అబద్ధమే చెప్పాను."



"ఒక్కసారి కూడానా?" అన్నారు మేడం.

"కడగలేదు మేడం."

"అయితే పెప్టైడ్ ఒక్కటే కాదు, దుర్గా. ఆ కాడల మీద నువ్వు చేసిన పని ఏదీ పనికిరాదు. ఏది పీతదో, ఏది పైనుంచి అంటిందో ఎలా చెప్పగలం?"

"తెలుసు మేడం."

"ఎందుకు కడగలేదని అడగను. అడిగితే నువ్వేదో చెప్తావు, నేను జాలిపడాల్సి వస్తుంది." ఆవిడ గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది. "విశాఖ వాళ్లకి నేను రాస్తాను. పేపర్ ఆపేస్తున్నాను. నిన్ను ఈ పనిలో ఉంచాలా వద్దా అన్నది నేను ఆలోచించుకోవాలి. రేపు రావద్దు. నేను పిలిచాక రా."

"అలాగే మేడం. పీతలు మాత్రం... మా నాన్న పీతలు మంచివే మేడం."

"పీతల్ని నేనేమీ అనలేదు," అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

ఇంటికి వచ్చేసరికి నూకయ్య తిని మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. వంటింట్లో అమ్మడు కూతురికి కంచం పెట్టింది. సన్మానం రోజని పొద్దున్నే వండిన కూర. చింతపండు పులుసులో ఎర్రగా ఉడికిన మూడు చుక్కల పీతలు, కాళ్లు విరిచి, డిప్పలు తీసి, లోపలి పసుపుపచ్చ గుడ్డుతో సహా.

దుర్గ గోడకి ఆనుకుని కూర్చుంది. నిన్న అరిచినదానికి ఏదో ఒకటి అనాలని నోరు తెరిచింది. అమ్మడు వినిపించుకునే పనిలో లేదు. పొయ్యిలోంచి కర్ర వెనక్కి లాగి, నీళ్లు చల్లి, అటు తిరిగే అడిగింది.

"పాలు పొయ్యొద్దంటే ఇంక పొయ్యను. నువ్వు కోసినవన్నీ మరి? అవి దేనికైనా పనికొస్తాయా?"

"రావమ్మా."

"ఒక్కటీ?"

"ఒక్కటీ రావు. ఊరికే పోయినాయి."

అమ్మడు ఇటు తిరిగింది. కూతురి మొహాన్ని చూసింది, తర్వాత ముట్టుకోని కంచాన్ని చూసింది. ఎదురుగా వచ్చి కూర్చుని, పెద్ద డిప్ప ఒకటి తీసి, కండ ఒలిచి అన్నం మీద పెట్టింది.

"తిను," అంది. "ఇవైనా తిను."